120 ఫిల్మ్ కెమెరా మొరాయిస్తే ముందు నెగటివ్ చదవండి

పాత 120 ఫిల్మ్ కెమెరా చేతికి రాగానే చాలామంది స్క్రూడ్రైవర్ వెతుకుతారు. దయచేసి ఆ పని చేయకండి. కెమెరాకు ఉన్న జబ్బు చాలావరకు అది తీసిన నెగటివ్ మీదే కనిపిస్తుంది. తిరుపతిలో నా దగ్గరకు కెమెరాలు తెచ్చే కాలేజీ పిల్లలతో మాట ఎప్పుడూ ఇలాగే మొదలవుతుంది.

"ఫిల్మ్ రోలు తెచ్చావా నాయనా?"

"కెమెరా తెచ్చాను సార్."

"కెమెరా తరవాత చూద్దాం. కడిగిన రోలు చూపించు."

ఇక్కడ చెప్పేదంతా యాషికా మ్యాట్ 124జిని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. ఇది 1970 నుంచి 1986 దాకా తయారైన రెండు లెన్సుల కెమెరా. పై లెన్సుతో చూస్తాం, కింది లెన్సుతో తీస్తాం. 120 రోలుకు పన్నెండు చదరపు ఫొటోలు వస్తాయి. ఇదే తరహా రోలికార్డ్, సీగల్ కెమెరాలకూ చాలా మాటలు వర్తిస్తాయి.

ఫోను తెరను పూర్తి తెల్లగా చేసి, దానికి కాస్త పైన నెగటివ్ పట్టుకోండి. రోలంతా ఖాళీగా ఉందా? అయితే అంచులు చూడండి. అక్కడ ఫిల్మ్ పేరు, అంకెలు స్పష్టంగా ఉంటే కడగడంలో, అంటే డెవలప్ చేయడంలో, తప్పు లేదు. వెలుగే ఫిల్మ్ దాకా రాలేదు. వెలుగును క్షణం పాటు లోపలికి వదిలే షట్టర్ రేకులు అతుక్కుపోయి ఉండవచ్చు, లేదా కింది లెన్సుకు మూత ఉండిపోయి ఉండవచ్చు. చూసేది పై లెన్సులోంచి కాబట్టి కింది మూత ఉన్నట్టు తెలియదు. అంచు మీద అక్షరాలు కూడా లేకపోతే కెమెరాను అనుమానించకండి, డెవలపర్ దగ్గరే ఏదో జరిగింది.

ఫ్లాష్‌తో తీసినవి మాత్రమే నెగటివ్ మీద ఖాళీగా వస్తే లెన్సు పక్కనున్న చిన్న మీట చూడండి. అది "ఎక్స్" దగ్గర ఉండాలి. "ఎమ్" అనేది పాతకాలపు ఫ్లాష్ బల్బుల కోసం. ఇప్పటి ఎలక్ట్రానిక్ ఫ్లాష్ "ఎమ్"లో షట్టర్ తెరుచుకోకముందే వెలిగి ఆరిపోతుంది. ఇక సెల్ఫ్ టైమర్, అంటే కొన్ని సెకన్లు ఆగి దానంతటదే ఫొటో తీసే ఏర్పాటు. ఇంత వయసున్న కెమెరాలో దాని జోలికి పోవద్దు. దాని స్ప్రింగ్ మధ్యలో ఆగిపోతే కెమెరా మొత్తం బిగుసుకుంటుంది.

పొగలా మచ్చలు కనిపిస్తే అవి ఎక్కడ ఆగాయో చూడండి. మచ్చ ఫొటో చట్రం లోపలే ఆగిపోతే వెలుగు లెన్సు వైపు నుంచి, అంటే షట్టర్ దగ్గర నుంచి వచ్చింది. చట్రం దాటి ఫిల్మ్ అంచు దాకా పాకితే వెనక తలుపు నుంచి వచ్చింది, లేదా రోలు వదులుగా చుట్టుకుంది. వదులు రోలైతే మచ్చలు అంచుల పొడవునా ఉంటాయి. తలుపు సందైతే దాదాపు ఒకే చోట మళ్లీ మళ్లీ వస్తాయి.

తలుపు చుట్టూ ఉండే నల్ల స్పాంజి ఇన్నేళ్లలో జిగురు ముద్దగా మారి ఉంటుంది. మందుల షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చి, చీపురుపుల్ల కొనకు దూది చుట్టి, కొద్దికొద్దిగా తడిపి తీయండి. ఇనుప మొన వాడితే రంగు లేచిపోతుంది, కొత్త మెరుపు మచ్చలు మొదలవుతాయి. ముక్కలు షట్టర్ వైపు రాలకుండా కెమెరాను బోర్లించి పట్టుకోండి. కొత్త స్పాంజి దొరకకపోతే గాడుల్లో నల్ల ఉన్ని దారం, చదునైన చోట నల్ల వెల్వెట్ రిబ్బన్ సరిపోతాయి. టైలరింగ్ సామగ్రి దుకాణాల్లో రెండూ ఉంటాయి. నాకు స్పాంజి కంటే ఉన్నే ఇష్టం. మన ఎండలకు అది కరగదు.

ఫొటోలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే లోడింగ్ చూసుకోవాలి. కింది గదిలో కొత్త రోలు, పై గదిలో ఖాళీ స్పూలు పెడతాం. కాగితం కొనను స్పూలు గాడిలో దూర్చాక, కొత్త రోలు మీద బొటనవేలు మెల్లగా ఆనించి క్రాంక్ (ఫిల్మ్ జరిపే పిడి) తిప్పండి. ఆ చిన్న ఒత్తిడి వల్లే రోలు బిగువుగా చుట్టుకుంటుంది. కాగితం మీది బాణం స్టార్ట్ గుర్తుకు సరిగ్గా ఎదురుగా వచ్చాకే తలుపు మూయాలి. వెనక తలుపు లోపలి ప్లేటు 12 వైపు ఉందో లేదో కూడా చూడండి. 24 అనేది 220 ఫిల్మ్ కోసం. ఆ ఫిల్మ్ ఇప్పుడు దాదాపు దొరకదు. దానికి వెనక కాగితం ఉండదు కాబట్టి ప్లేటు దూరం వేరు. ఆ స్థానంలో 120 వేస్తే ఫిల్మ్ నలుగుతుంది, క్రాంక్ బరువవుతుంది.

ఇక షట్టర్. ఎక్కువ కెమెరాల్లో 1/125 సెకను పైన వేగాల్లో బాగుండి, 1/15 కిందకు వచ్చేసరికి మూలుగుతుంది. నెమ్మది వేగాలను నడిపే చిన్న పళ్లచక్రాల వరసలో గ్రీజు గట్టిపడటమే కారణం. చెవితో కొంత తెలుస్తుంది, కానీ ఫోనుతో కొలిస్తే ఖాయంగా తెలుస్తుంది. వెనక తలుపు తెరిచి, కెమెరాను పగటి వెలుగున్న కిటికీ వైపు తిప్పి, ఫోనును స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేముల దగ్గర పెట్టి వెనక నుంచి తీయండి. తరవాత ఒక్కో ఫ్రేము జరుపుతూ లెన్సు తెరుచుకున్నవి లెక్కపెట్టండి. 1 సెకనుకు 240, 1/8కి 30, 1/30కి 8, 1/60కి 4 రావాలి. 1/30 దగ్గర 16 వస్తే అది నిజానికి 1/15. అంటే ఒక స్టాప్ ఎక్కువ, రెట్టింపు వెలుగు. 1/125 పైన ఈ లెక్క నమ్మదగింది కాదు.

ఒక స్టాప్ తేడాకు కంగారు పడనక్కర్లేదు. నెగటివ్ ఫిల్మ్ ఆ మాత్రం ఎక్కువ వెలుగును హాయిగా తట్టుకుంటుంది. ఒక చీటీ మీద అసలు వేగాలు రాసి కెమెరా అడుగున అంటించుకుని వాడండి. స్లైడ్ ఫిల్మ్ వేసేవారు మాత్రం బాగు చేయించుకోవాలి. షట్టర్లో కుట్టుమిషను నూనె చుక్క వేయమని ఎవరు సలహా ఇచ్చినా వినకండి. ఆ నూనె పాకి రేకుల మీదికి చేరుతుంది, సన్నని రేకులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. 1/500 కావాలంటే క్రాంక్ వెనక్కి తిప్పి షట్టర్ బిగించకముందే ఆ అంకెకు మార్చండి.

ఎండలో కారులో వదిలేసినా రేకులు ఇలాగే అతుక్కుంటాయి. కొండ మీద గుడిలోకి కెమెరా తీసుకెళ్లనివ్వరు కాబట్టి చాలామంది దాన్ని కారులో పెట్టి దర్శనానికి వెళ్తారు. మే నెలలో మూసిన కారులో గ్రీజు పలచబడి జారుతుంది, ఫిల్మ్ కూడా దెబ్బతింటుంది. ఆ రోజు కెమెరాను ఇంట్లోనే ఉంచండి.

ఫొటోలన్నీ కొంచెం మసకగా వస్తుంటే రెండు లెన్సులూ ఒకే మాట చెబుతున్నాయో లేదో చూడాలి. ఫిల్మ్ లేకుండా తలుపు తెరిచి, ఫిల్మ్ ఆనే లోపలి పట్టాల మీద పాలరంగు సెల్లోటేపు బిగువుగా అంటించండి. షట్టర్‌ను నొక్కినంతసేపూ తెరిచే ఉండే "బి"లో పెట్టి, స్క్రూతో బిగించే కేబుల్ రిలీజ్‌తో (దూరం నుంచి నొక్కే తీగతో) తెరిచి ఉంచండి. అపర్చర్, అంటే లెన్సు ద్వారం, 3.5 దగ్గర పూర్తిగా తెరవండి. ఈ పరీక్షకు తిరుపతి మేడలు భగవంతుడు ఇచ్చిన వరం. డాబా ఎక్కితే దూరంగా కొండల అంచు స్పష్టంగా కనిపిస్తుంది. మనం చూసే పై గాజు తెర మీద ఆ అంచును పదునుగా నిలిపి, టేపు మీద పడ్డ బొమ్మను భూతద్దంతో చూడండి. అక్కడా పదునుగా ఉంటే మంచిదే. తరవాత మీటరున్నర దూరంలో దినపత్రిక తగిలించి మళ్లీ చూడండి. తేడా కనిపిస్తే సరిదిద్దాల్సింది సాధారణంగా పై లెన్సును. అది మెకానిక్ పని.

వెలుగు కొలిచే మీటర్ గురించి ఎక్కువ ఆలోచించకండి. అది 1.35 వోల్టుల పాదరస బ్యాటరీకి తయారైంది, ఆ బ్యాటరీలు ఇప్పుడు అమ్మరు. వినికిడి యంత్రాలకు వాడే 675 బ్యాటరీ 1.4 వోల్టులిస్తుంది. గూటిలో కదలకుండా చుట్టూ చిన్న రింగు పెడితే పనిచేస్తుంది. లేకపోతే ఫోనులో మీటర్ యాప్ చాలు. మన మధ్యాహ్నపు ఎండకు అదీ అక్కర్లేదు. ఐఎస్ఓ 100 ఫిల్మ్‌కు ఎఫ్/16, 1/125 పెట్టి తీయండి.

అదనపు సామగ్రిలో మొదట కొనాల్సింది లెన్స్ హుడ్, అంటే లెన్సుకు గొడుగులాంటి అంచు. చంద్రగిరి కోటలో రాజమహల్ ముందు నిలబడితే వెనక బండరాళ్ల నుంచి, నేల నుంచి ఎగిరే వెలుగంతా లెన్సులోకి దూరుతుంది. పాత లెన్సుల పూత ఇప్పటివాటిలా ఆ వెలుగును ఆపలేదు. ఈ కెమెరాకు బే 1 అనే బిగింపు హుడ్ కావాలి. దాని తరవాత పసుపు ఫిల్టర్. నలుపు తెలుపులో మబ్బులు విడివిడిగా కనిపిస్తాయి, ఒక స్టాప్ ఎక్కువ వెలుగివ్వాలి. బే 1 ఫిల్టర్లు దొరకడం కష్టమైతే 49 మిల్లీమీటర్ల అడాప్టర్ రింగు కొని మామూలు ఫిల్టర్ పెట్టుకోవచ్చు. ఫిల్టర్ కింది లెన్సుకే పెట్టాలి.

కేబుల్ రిలీజ్, దిటవైన ట్రైపాడ్ తలకోన వెళ్లేవారికి తప్పనిసరి. ఆ జలపాతం ఎత్తు 270 అడుగులు, చుట్టూ అడవి నీడ. సాయంత్రం అయితే మీటర్ నాలుగు సెకన్లు చూపిస్తుంది. ఇల్‌ఫర్డ్ హెచ్‌పి5 ప్లస్ అయితే ఆరు సెకన్లు ఇవ్వండి. పది చూపిస్తే ఇరవై. ఎక్కువసేపు తెరిచి ఉంచేకొద్దీ ఫిల్మ్ స్పందన తగ్గుతుంది కాబట్టే ఈ అదనం. దగ్గరి వస్తువులు తీసేటప్పుడు, పై లెన్సుతో చట్రం కుదిరాక, రెండు లెన్సుల మధ్య దూరమంత ట్రైపాడ్ స్తంభాన్ని పైకి జరపండి. అప్పుడు మీరు చూసిందే ఫిల్మ్ మీద పడుతుంది. సంచిలో ఎప్పుడూ ఒక ఖాళీ స్పూలు, చేతులు దూర్చి చీకట్లో రోలు తీయగలిగే నల్ల సంచి ఉంచండి. దారిలో కెమెరా బిగుసుకుంటే రోలును కాపాడేది ఆ సంచే.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల కాలం. లెన్సుకు బూజు పట్టేది అప్పుడే. తోలు కేసులో పెట్టి బీరువాలో దాచడమంటే బూజుకు ఇల్లు కట్టి ఇవ్వడమే. కేసును విడిగా ఉంచి, కెమెరాను రబ్బరు అంచున్న గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ గింజలతో పెట్టండి. చిన్న తేమమీటర్ వేసి 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే, వంటకు వాడని బాణలిలో సన్నని సెగ మీద వేడిచేస్తే మళ్లీ నీలమవుతాయి. బూజు ఉందో లేదో తెలియాలంటే షట్టర్ "బి"లో తెరిచి, వెనక నుంచి టార్చి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడులాంటి దారాలు కనిపిస్తాయి. ఉంటే ఆలస్యం చేయకండి. ముదిరితే గాజు పూతనే తినేస్తుంది.

మెకానిక్ దగ్గరకు వెళ్లేటప్పుడు కొలిచిన వేగాల చీటీ, మచ్చలు పడ్డ నెగటివ్, ఫోకస్ పరీక్షలో చూసిన తేడా మూడూ పట్టుకెళ్లండి. "ఎందుకో బాగా రావడం లేదు" అంటే ఆయన కెమెరా అంతా విప్పాల్సి వస్తుంది. "1/30 దగ్గర 16 ఫ్రేములు, 1/125 బాగుంది" అంటే నేరుగా ఆ చక్రాల వరస దగ్గరకే వెళ్తాడు. తిరిగి ఇచ్చాక అక్కడే ఫోనుతో మళ్లీ కొలిచి, రెండు లెక్కలూ ఆయనకు చూపించి డబ్బు ఇవ్వండి.