రవ్వ (రోహు) చేప పిల్లలు: ఒక్క వల పంజరంలో ఎన్ని వదలాలి?

కరీంనగర్ దగ్గరి లోయర్ మానేరు డ్యామ్‌లో చేప పిల్లల్ని పెంచే మా వల పంజరాలు ఒక్కోటి 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు. వల లోతు 4 మీటర్లే అయినా పైన అరమీటరు నీళ్లలో మునగదు. కాబట్టి పిల్లల లెక్క 96 ఘనపు మీటర్ల మీద కాదు, 84 మీద వేయండి.

మొదటి ఏడు ఆశకు పోయి 35-40 మిల్లీమీటర్ల పిల్లల్ని ఒక్కదాంట్లో 34 వేలు వదిలాను. ఘనపు మీటరుకు 400 పైనే. చచ్చినవి తక్కువే, అందుకే అంతా బాగుందనుకున్నాను. రెండు నెలలకు వల ఎత్తితే కొన్ని బొటనవేలంత లావు, మిగతావి తల పెద్దది, ఒళ్లు పుల్ల. డ్యాముల్లో వదలడానికి 80-100 మిల్లీమీటర్ల పిల్ల కావాలి. సగం ఆ సైజుకు రాలేదు. చాలా బాధేసింది.

మేత పడగానే బలమైనవి ముందు మింగేస్తాయి, చిన్నవాటికి అందదు. రోజూ ఇదే జరిగితే తేడా పెరుగుతూనే ఉంటుంది. ఆక్సిజన్ సంగతీ అంతే. డ్యామ్ ఎంత పెద్దదైనా లోపలికి నీళ్లు వల కన్నుల్లోంచే రావాలి. పిల్లల వల కన్ను సన్నం, నాచు పట్టిందంటే మూసుకుపోతుంది. తెల్లవారుజామున 5 గంటలకు వెళ్లి చూడండి. పిల్లలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే మేత ఆపి, ముందు వల బ్రష్‌తో రుద్దండి.

ఇప్పుడు ఘనపు మీటరుకు 200, అంటే పంజరానికి 17 వేలు వదులుతున్నాను. పిల్ల 10 గ్రాములకు వస్తే మొత్తం 170 కిలోలు, ఘనపు మీటరుకు 2 కిలోలు. వదిలే రోజు సంఖ్య కాదు, తీసే రోజు ఈ బరువు చూసుకోండి. మొదట్లో పంజరం ఖాళీగా కనిపిస్తుంది, ఇంకో సంచి పిల్లల్ని పోయాలనిపిస్తుంది. పోయకండి.

పిల్లలు వచ్చిన సంచి మీద రాసిన సంఖ్యను నమ్మవద్దు. టీ జల్లెడతో మూడుసార్లు తీసి, ఒక్కొక్క పిల్లను లెక్కపెట్టి సగటు కట్టండి. తర్వాత జల్లెడల లెక్కన వదలండి. 15 రోజులకోసారి వంద పిల్లల్ని తూచి మేత మార్చండి.

నెల తిరిగేసరికి పెద్దవి, చిన్నవి వేరు చేసి రెండు పంజరాలకు పంచాలి. ఇందుకోసం ఒక పంజరం ముందే ఖాళీగా ఉంచుకోండి. ముందురోజు మేత మానేయండి. వల ఒక్కసారే బిగించకుండా కొద్దికొద్దిగా ఎత్తుతూ, ఎండ ఎక్కేలోపు పని ముగించండి.