మన నేల ఎటు జరుగుతోందో మీరే కొలవడం ఎలా?

నల్లగొండ గుట్టలు, పాలమూరు చెల్కలు, నాగార్జునసాగర్ డ్యాం అన్నీ కలిసి ఏటా దాదాపు 5 సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతున్నాయి. ఎక్సెల్ వస్తే చాలు, ఈ కదలికను ఇంట్లో కూర్చుని చూడొచ్చు.

ఫోన్ జీపీఎస్‌తో ఇది కాదు, అది మీటర్లలో తప్పుతుంది. గట్టి పునాది మీద యాంటెన్నా బిగించి, రాత్రింబవళ్లు ఉపగ్రహాల సిగ్నల్ అందుకునే శాశ్వత స్టేషన్ కావాలి. మనకు దగ్గర్లో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ)లో ఒకటి ఉంది. దాని కోడ్ హెచ్‌వైడీఈ (HYDE).

ముందుగా అమెరికాలోని నెవడా జియోడెటిక్ ల్యాబొరేటరీ (Nevada Geodetic Laboratory) వెబ్‌సైట్‌లో ఈ కోడ్ వెతికి, రోజువారీ స్థానాల ఫైల్ దించుకోండి. డబ్బు కట్టే పనిలేదు. ఫైల్‌ను ఎక్సెల్‌లో తెరిచాక చాలామంది తడబడేది ఒక్కచోటే: తూర్పు, ఉత్తరం, ఎత్తు ఒక్కోదానికి పూర్ణాంకం ఒక కాలమ్‌లో, దశాంశం పక్క కాలమ్‌లో ఉంటాయి. రెండూ కూడితేనే అసలు విలువ.

ఇప్పుడు తేదీకి ఎదురుగా తూర్పు విలువలతో గ్రాఫ్ గీయండి. ఏటవాలుగా పైకి పోయే గీత వస్తుంది. ఆ వాలే వేగం. రెండున్నరేళ్ల కన్నా తక్కువ డేటాతో మాత్రం వేగం లెక్క కట్టొద్దు. మధ్యలో గీత ఒక్కసారిగా ఎగిరితే టెన్షన్ పడకండి, యాంటెన్నా మార్చి ఉండొచ్చు. భూకంపం వల్ల కూడా అలా అవుతుంది. 2004 డిసెంబర్ 26 సుమత్రా భూకంపానికి దక్షిణ భారతం కూడా మిల్లీమీటర్లలో తూర్పుకు జరిగింది. ఆ తేదీ దగ్గర జాగ్రత్తగా వెతకండి. అంత దూరపు దెబ్బ మన రాతినేలకూ తగలడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

స్థానికంగా ఏమైనా కదులుతోందా అని తేలాలంటే, బెంగళూరు ఐఐఎస్‌సీ (IISC) స్టేషన్ ఫైల్ కూడా దించుకుని, అదే తేదీ విలువలను హైదరాబాద్ విలువల్లోంచి తీసివేత చేయండి. దేశమంతా కలిసి చేసే ప్రయాణం పోతుంది, మిగిలేది దాదాపు సున్నా. దక్కన్ ఎంత స్థిరమైనదో అప్పుడు తెలుస్తుంది.

ఎత్తు గ్రాఫ్‌కు ఓపిక కావాలి. పక్కకు జరగడం కన్నా దీంట్లో తప్పు రెండుమూడు రెట్లు ఎక్కువ. పైగా వానలకు చెరువులు, డ్యాములు నిండి నేల నీరు తాగితే, ఆ బరువుకు నేల కొన్ని మిల్లీమీటర్లు కుంగి ఎండాకాలానికి మళ్లీ లేస్తుంది. అందుకే ఒక్క సీజన్ చూసి నేల కుంగుతోందని చెప్పకూడదు.

సముద్రమట్టం లెక్కకు ఈ ఎత్తే కీలకం. విశాఖలాంటి రేవులో ఉండే అలల మట్టం కొలిచే పరికరం నేలకే బిగించి ఉంటుంది. అది ఏటా 4 మిల్లీమీటర్ల పెరుగుదల చూపితే, పక్కనున్న ఉపగ్రహ స్టేషన్ నేల 1 మిల్లీమీటర్ కుంగిందని చెబితే, నీరు నిజంగా పెరిగింది 3 మాత్రమే. తీరంలో ఉన్నవాళ్లకు మాత్రం ఆ 4 మొత్తం లెక్కే.