ఇంక్‌జెట్ ఫొటోకు స్ప్రే పూత ఎలా వేయాలి?

కిందటి శ్రావణంలో మా నానమ్మ ఫొటో ఇంట్లోనే ప్రింట్ తీసి, బయట ముసురు పడుతుంటే వరండాలో నిలబడి దాన్ని కాపాడే పారదర్శక పూత స్ప్రే కొట్టాను. కాసేపటికి ఆమె నల్లంచు చీర మీద పలచటి మజ్జిగ ఒలికినట్టు తెల్లటి పొర తేలింది. స్ప్రేలోని ద్రావకం చప్పున ఆవిరవుతూ ప్రింటును చల్లబరుస్తుంది. అప్పుడు గాలిలో చెమ్మ ఎక్కువుంటే అది పూతలో చేరి తెల్లబారుస్తుంది. కాబట్టి వాన రోజు ఈ పని పెట్టుకోకండి.

అసలు స్ప్రే అవసరమా? డై ఇంకుతో (రంగు పూర్తిగా కరిగి ఉండే ఇంకు) తీసిన ప్రింట్లు నీటి చుక్క పడితే చెదిరిపోతాయి, వెలుతురుకీ గాలిలోని ఓజోన్‌కీ వెలిసిపోతాయి. పిగ్మెంట్ ఇంకు (రంగు సన్నటి రేణువులుగా ఉండే ఇంకు) వీటిని బాగా తట్టుకుంటుంది కానీ, తేలిగ్గా గీతలు పడుతుంది. అద్దం బిగించే ఫొటోకు స్ప్రే లేకపోయినా పెద్ద నష్టం లేదు. అద్దం లేకుండా గోడకెక్కే వాటికీ, కాన్వాస్‌కీ, పదిమంది చేతులు మారే వాటికీ మాత్రం వేయాల్సిందే.

డబ్బా మీద 'ఇంక్‌జెట్', 'యూవీ' (అంటే అతినీలలోహిత కిరణాల నుంచి రక్షణ) అని ఉందో లేదో చూసి కొనండి. హానెమ్యూలె లాంటి ఫొటో పేపర్ కంపెనీలూ అమ్ముతాయి. చెక్కకు వేసే వార్నిష్ వద్దు, పసుపెక్కవచ్చు.

ప్రింట్ తీశాక ఒక రోజు ఆరనివ్వండి. పైకి ఆరినట్టే ఉన్నా లోపల ఇంకు ఇంకా ఆరుతూనే ఉంటుంది. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. పాడైన ప్రింట్ ఒకటి ఉంచుకుని ముందు దాని మీద కొట్టి చూడండి.

గాలి ఆడే చోటు కావాలి, అలాగని ఫ్యాన్ కింద వద్దు. మాస్క్ పెట్టుకోండి. ఈ స్ప్రే మండుతుంది, పొయ్యికీ దీపానికీ దూరంగా ఉండండి.

డబ్బాను రెండు నిమిషాలు బాగా ఊపి, ప్రింటుకు సుమారు 25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోండి. కీలకమంతా చేతి కదలికలోనే ఉంది. ప్రింటు అంచుకు అవతలే నొక్కడం మొదలుపెట్టి, ఇవతలి అంచు దాటాకే వేలు తీయాలి. నొక్కిన మొదటి క్షణంలోనే పెద్ద చుక్కలు పడతాయి, అవి ఫొటో మీద పడకూడదు. ఒక వరుస మీద రెండో వరుస కొంచెం ఎక్కేలా వెళ్లండి. మొదటి పూత వేశాక 'అసలు పడిందా?' అని అనుమానం రావాలి. తడిగా మెరిసిందంటే ఎక్కువైనట్టే.

పది, పదిహేను నిమిషాలు ఆగి, ప్రింటును అడ్డంగా తిప్పి రెండో పూత, మళ్లీ ఆగి మూడోది. ఇప్పుడు ఫొటోను వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. గ్లాసీ కాగితం మీద పిగ్మెంట్ ఇంకు ఉన్నచోట కనిపించే రాగి మెరుపు తగ్గి, నునుపు అంతటా ఒకేలా వస్తుంది. మ్యాట్ కాగితం మీదైతే నలుపు కాస్త చిక్కబడుతుంది. నాకు స్ప్రేలో నచ్చేది ఇదే.

పని అయ్యాక డబ్బాను తలకిందులు చేసి గ్యాస్ మాత్రమే వచ్చేదాకా నొక్కండి, లేకపోతే నాజిల్ మూసుకుపోతుంది. ఫ్రేము కట్టడానికి ఇంకో రోజు ఆగండి. పచ్చిగా ఉండగా బిగిస్తే అద్దం లోపల ఆవిరి పడుతుంది.

పూత ఉంది కదా అని తడి కుంకుమ బొట్టు నేరుగా ఫొటో మీద పెట్టకూడదు, తుడిచేటప్పుడు రుద్దితే గీతలు పడతాయి. మా అమ్మ వేలు ఆగేది కాదు కాబట్టి నానమ్మకు చివరికి అద్దం బిగించాం.