అద్దె పోర్షన్లకు ఏ గీజరు?

విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంట్లో రెండు పోర్షన్లు అద్దెకిచ్చాం. పై పోర్షన్‌లో నీళ్లను అప్పటికప్పుడు వేడిచేసే మూడు కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు వేసినప్పుడల్లా ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చి) పడిపోయేది. ఆ గీజరు సుమారు 13 ఆంపియర్ల కరెంటు లాగుతుంది, పాత ఇంటి సన్నని వైర్లు తట్టుకోలేవు. ప్లగ్గు పీకి చూస్తే పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు మాడి ఉంది. చిన్నపిల్లలున్న ఇల్లు. ఇక వాయిదా వేయడానికి మనసొప్పలేదు.

నలుగురు వరుసగా స్నానాలు చేసే ఆ పోర్షన్‌కు నీళ్లు ముందే వేడిచేసి ట్యాంకులో నిల్వ ఉంచే 25 లీటర్ల, రెండు కిలోవాట్ల స్టోరేజ్ గీజరు తెచ్చాను. దీనికి తొమ్మిది ఆంపియర్లు చాలు. అయినా మీటరు బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించి, ఎర్తింగు సరిచేయించాకే బిగించనిచ్చాను.

కింది పోర్షన్‌లో ఒక్కరే ఉంటారు, వైరింగు కొత్తది. అక్కడ ఇన్‌స్టంటే ఉంచాను. మన చలికాలానికి ఐదారు నిమిషాల్లో బకెట్ నిండుతుంది, అంతకంటే ఏం కావాలి!

బోరు నీళ్లయితే మాత్రం రెండింటికీ కాయిల్ మీద తెల్లగా సున్నం పేరుకుంటుంది. స్టోరేజ్ ట్యాంకులో మెగ్నీషియం కడ్డీని కూడా ఏడాదికోసారి విప్పి చూడాలి, అది అరిగిపోతే ట్యాంకే తుప్పు పడుతుంది. ఈ సర్వీసు ఖర్చు అద్దెవాళ్ల మీద వేయడం న్యాయం కాదు. చలి మొదలవకముందే నేనే చేయిస్తున్నాను.