ఇర్రి జాడ - 4వ పాఠం: పెంటికల కుప్ప

ఇర్రి అంటే మగ కృష్ణజింక, లేడి అంటే ఆడది. పోయిన పాఠం చదివి మీరు కృష్ణజింకవని పంపిన గిట్ట గుర్తుల ఫోటోల్లో ఎక్కువ భాగం గొర్రెలవీ మేకలవీ. జింక గుర్తంటే "మొన తేలిన రెండు రేకులు" అని మాత్రమే రాసి వదిలేయడం నా తప్పు. మేక గిట్టకూ మొన ఉంటుంది కదా. కుప్పల కన్నా ముందు ఆ చిక్కు తీరుద్దాం.

గొర్రె, మేక గిట్టల కన్నా కృష్ణజింక గిట్ట కొస సన్నగా, కోసుగా ఉంటుంది. అయినా ఒక్క గుర్తు చూసి తేల్చకండి. బురదలో ఏ గిట్టయినా విచ్చుకుంటుంది, దుమ్ములో ఏ అంచయినా జారిపోతుంది. చుట్టూ చూడండి. మంద నడిచిన చోట అడుగు మీద అడుగు పడి నేల నలిగిపోతుంది. పక్కనే కాపరి చెప్పు ముద్ర, కుక్క అడుగులు, మేత కోసం నరికిన తుమ్మ కొమ్మలు కనిపిస్తాయి. పెద్ద గుర్తు కాబట్టి ఇర్రిదే అని కొందరు రాశారు. అది బలిసిన పొట్టేలుది కూడా కావచ్చు. గుర్తు వెనక, కాలికి కాస్త పైన ఉండే చిన్న గిట్టల ముద్ర కూడా పడింది కాబట్టి ఇర్రిదే అన్నారు ఇంకొందరు. మెత్తటి నేలలో లేడికీ పడతాయి. ఈ రెండు మాటలూ దయచేసి మర్చిపోండి.

రాలిన కొమ్ము దొరుకుతుందా అని అడిగారు. దొరకదు. ఏటా కొమ్ములు రాల్చేది చుక్కల దుప్పి, కణితి. ఇర్రి కొమ్ము జీవితాంతం ఉంటుంది.

ఇక కుప్ప. లేడి పెంటికలు మేసిన దారి పొడవునా చెదురుగా పడి ఉంటాయి. ఒక జాగాను తనదిగా పట్టుకున్న ఇర్రి మాత్రం మళ్లీ మళ్లీ అదే చోటికి వచ్చి వేస్తుంది, చాలాసార్లు ఆ కుప్ప మీదే పడుకుంటుంది. నా దృష్టిలో వంద గిట్ట గుర్తుల కన్నా ఒక కుప్ప విలువైనది. పైన నల్లగా, తడిగా ఉన్న పెంటికలుంటే ఇర్రి ఇంకా అక్కడే తిరుగుతోందన్నమాట. ఎండకు పైపొర త్వరగా ఆరిపోతుంది కాబట్టి పుల్లతో ఒకటి చిదిమి లోపల చూడండి. అన్నీ తెల్లబారి పొడిపొడిగా ఉంటే ఆ జాగా వదిలేసినట్టే. లోపల సర్కారు తుమ్మ గింజలు కనిపిస్తే కాయలు రాలే చెట్ల వైపు వెళ్లొస్తోందని గుర్తు. చుట్టూ గడ్డి కొసల మీద, పుల్లల మీద నల్లటి జిగురు ఉందేమో చూడండి. కంటి ముందున్న గ్రంథిని రుద్ది ఇర్రి వేసే ముద్ర అది. కుప్పనూ జిగురునూ కలుపుతూ గీత గీస్తే అది తిరిగే హద్దు కొంతవరకు తెలుస్తుంది.

నేను కొలబద్ద తీసుకెళ్లను. గుర్తు పక్కన అగ్గిపెట్టె పెట్టి, పొద్దుటి ఏటవాలు వెలుగులో ఫోటో తీస్తాను. మధ్యాహ్నం తీసిన ఫోటోలో లోతు తెలియదు, పంపకండి.

అభ్యాసం: ముందు ఒక రోజంతా మీ ఊరి గొర్రెల మంద వెనక నడిచి, ఇరవై గుర్తులు కాగితం మీద గీయండి. అది అయ్యాకే జింక. బట్టమేకపిట్ట కోసం 1988లో ఏర్పాటైన రోళ్లపాడు లాంటి అభయారణ్యానికి వెళ్తే అటవీశాఖ అనుమతి తీసుకోండి, దారి దిగకండి. బయట బీళ్లలో అయితే ఒకే కుప్పను పది ఉదయాలు చూడండి. ఇర్రి అక్కడుంటే దూరం నుంచే బైనాక్యులర్‌తో, అది వెళ్లాకే దగ్గరికి. పైపొర తడా పొడా, అడుగులు ఏ దిక్కు నుంచి వచ్చి ఏ దిక్కుకు పోయాయి, రోజూ రాసుకోండి. ఆ పది రోజుల పటం చేతిలో పెట్టుకుని 5వ పాఠానికి రండి.