వేసవి రాకముందే కారవాన్ వెనుక గదికి చల్లగాలి: విశాఖ వాళ్ల కోసం కొన్ని జాగ్రత్తలు

పోయిన మే నెలలో భీమిలి దాటాక సరుగుడు తోటల దగ్గర ఒక రాత్రి బండి ఆపుకున్నాం. ముందు భాగంలో నేనూ పిల్లలూ దుప్పట్లు కప్పుకుని పడుకున్నాం. వెనుక చిన్న గదిలో మా అమ్మానాన్న. తెల్లవారుజామున మంచినీళ్ల కోసం లేస్తే, వెనుక గదిలో నాన్న మంచం మీద కూర్చుని తువ్వాలుతో అమ్మకు విసురుతున్నారు. దిండ్లు చెమటకు తడిసిపోయి ఉన్నాయి. "ఏం లేదురా, బాగానే నిద్రపట్టింది" అన్నారు. పెద్దవాళ్లు మనతో అంతకంటే చెప్పరు. ఉగాది లోపలే ఈ పని ముగించమని అందరికీ చెప్పడానికి కారణం ఆ రాత్రే.

మాది టెంపో ట్రావెలర్‌ని కారవాన్‌గా, అంటే వండుకుని పడుకునే వీలున్న బండిగా మార్పించుకున్నది. ముందు కూర్చునే చోటు, చిన్న వంటగట్టు; చివర తలుపుతో ఒక పడకగది. ఏసీ ఒక్కటే, కప్పు మధ్యలో ఉంటుంది. వెనుక గదికి గాలి కప్పులోని డక్ట్, అంటే గాలి పోయే గొట్టం గుండా రావాలి. ఇలాంటి బండ్లలో చాలావాటికి ఇదే ఏర్పాటు, ఇదే బాధ: ముందు చలి, వెనుక ఉక్క.

మా బండిని మెకానిక్‌కి చూపిస్తే గ్యాస్ తగ్గిందన్నారు. నింపారు, డబ్బు తీసుకున్నారు. వెనుక గది మాత్రం అలాగే ఉంది. ముందు గదిలో దుప్పటి కప్పుకునేంత చలి ఉంటే గ్యాస్ తగ్గినట్టు ఎలా అవుతుంది? ఈ ప్రశ్న అప్పుడే అడగాల్సింది. అందుకే మొదటి జాగ్రత్త డబ్బు ఖర్చు కాని జాగ్రత్త: ముందు కొలవండి, తర్వాతే బాగు చేయించండి.

ఒక మామూలు థర్మామీటర్ చాలు. ఏసీ అరగంట నడిచాక, అది గాలి పీల్చుకునే జాలీ దగ్గర ఒకసారి, దానికి దగ్గరలో చల్లగాలి బయటికొచ్చే రంధ్రం, అంటే వెంట్ దగ్గర ఇంకోసారి చూడండి. రెంటికీ మధ్య 8 నుంచి 11 డిగ్రీల తేడా ఉంటే ఏసీ తన పని తాను చేస్తున్నట్టే. గాలిలో తేమ బాగా ఉన్న రోజు ఈ తేడా కొంచెం తగ్గుతుంది, కంగారు పడకండి. తర్వాత వెనుక గది వెంట్ దగ్గర కొలవండి. అక్కడ గాలి చల్లగానే ఉండి బలం లేకపోతే దారిలో అడ్డమో, చిల్లో ఉంది. గాలి బలంగా వస్తూ వెచ్చగా ఉంటే డక్ట్ కప్పు వేడిని పీల్చుకుంటోంది. ఈ రెంటికీ మందు వేరు.

పెద్ద ఏసీ వద్దు

ఇది మొదటే చెప్పాలి, ఎందుకంటే అందరూ ఇచ్చే సలహా పెద్ద ఏసీ పెట్టించమనే. విశాఖలో అది తప్పు సలహా అని నేను గట్టిగా నమ్ముతాను. మే నెలలో మన ఊళ్లో పగటి వేడి చాలా రోజులు 34, 35 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మనల్ని కాల్చేది ఎండ కంటే ఎక్కువగా సముద్రం మీదనుంచి వచ్చే తేమ. ఒంటి మీద చెమట ఆరదు, అదే ఉక్కపోత. ఏసీ చేయాల్సింది గాలిని చల్లబరచడం ఒక్కటే కాదు, అందులోని నీటిని పిండి బయటికి వదలడం కూడా. చిన్న బండిలో పెద్ద ఏసీ పెడితే పది నిమిషాల్లో చల్లబరిచి ఆగిపోతుంది. నీటిని పిండడానికి దానికి సమయం చాలదు. గది చల్లగా, చెమ్మగా ఉండిపోతుంది. నాలుగు రోజులకు పరుపు నుంచి ముక్కవాసన మొదలవుతుంది. పైగా డక్ట్‌లో చిల్లు అలాగే ఉంటే, ఇంకా ఎక్కువ చల్లగాలి కప్పులో వృథా అవుతుంది. ఉన్న గాలిని వెనక్కి చేర్చడమే మన పని.

గాలి ఎక్కడ పోతోంది

ఏసీ కింద లోపలివైపు ఉండే ప్లాస్టిక్ మూత తీసి చూడండి. దానికంటే ముందు బయటి కరెంటు ప్లగ్ తీసేయండి, ఇన్వర్టర్ కూడా ఆపేయండి. స్విచ్ ఆపితే సరిపోదు. కంప్రెసర్ దగ్గరుండే కెపాసిటర్‌లో ప్లగ్ తీశాక కూడా కరెంటు నిలిచి ఉంటుంది కాబట్టి ఆ వైర్ల జోలికి మీరు పోవద్దు, అది తెలిసినవాళ్ల పని.

మూత లోపల రెండు అరలుంటాయి. ఒకదాంట్లోంచి గదిలోని గాలి పైకి వెళుతుంది, ఇంకోదాంట్లోంచి చల్లగాలి డక్ట్‌లోకి పోతుంది. రెంటి మధ్య ఉండే అడ్డుపలక సరిగ్గా అతుక్కుని లేకపోతే చల్లగాలి డక్ట్ వరకూ వెళ్లకుండానే మళ్లీ ఏసీలోకి చొరబడుతుంది. మా బండిలో ఆ పలక పక్కన నాలుగు వేళ్లు పట్టేంత సందు ఉంది. ఏసీ తన చల్లదనాన్ని తానే పీల్చుకుంటోందన్నమాట. గది ఇంకా వేడిగా ఉండగానే, చల్లబడిందనుకుని ఆగిపోవడానికీ ఇదే కారణం.

ఆ సందులు మూయడానికి గుడ్డ టేపు వాడకండి. మన వేడికి దాని జిగురు కారిపోయి, ఒక్క వేసవిలో ఊడి డక్ట్‌లోనే పడుతుంది. వెండి రంగులో ఉండే అల్యూమినియం ఫాయిల్ టేపు తీసుకోండి. అంటించే ముందు ఆ చోటు పొడిగుడ్డతో దుమ్ము లేకుండా తుడవండి. దుమ్ము మీద అంటించిన టేపు ఎంత మంచిదైనా నిలవదు.

తర్వాత ఒక్కో వెంట్ విప్పి లోపల చేతితో తడమండి. కప్పులో డక్ట్ కోసం కోసిన అంచులు చాలాచోట్ల గరుకుగా, ముక్కలు వేలాడుతూ ఉంటాయి. డక్ట్‌కీ లోపలి సీలింగ్‌కీ మధ్య ఖాళీ ఉంటే చల్లగాలి గదిలోకి దిగకుండా కప్పు పొరల్లోకి పోతుంది. వెంట్ చుట్టూ సీలింగ్ మీద చెమ్మ మరకో, నీటి బొట్లో కనిపిస్తే ఇది అదే అని అనుకోవచ్చు. మా వెనుక గది వెంట్ దగ్గర ఒక థర్మాకోల్ ముక్క అడ్డం పడి ఉంది. బండి తయారైన రోజు నుంచీ అక్కడే ఉన్నట్టుంది. దాన్ని తీస్తున్నప్పుడు నాన్న తువ్వాలు కళ్లముందు మెదిలింది.

చిల్లు ఎక్కడుందో తెలియకపోతే సన్నటి టిష్యూ కాగితం పట్టీని అంచుల వెంబడి పట్టుకుని చూడండి. ఎక్కడ ఊగితే అక్కడ గాలి పోతోంది. అగరుబత్తి పొగతో చూస్తే బాగా తెలుస్తుందని అంటారు, తెలుస్తుంది కూడా. కానీ కప్పులో ఉండేది అంటుకునే ఫోమ్, థర్మాకోల్. వద్దు.

వెళ్లిన గాలి తిరిగి రావాలి

చాలామంది మరిచిపోయేది ఇదే. వెనుక గది తలుపు వేస్తే లోపలికొచ్చిన గాలికి బయటికి పోయే దారి ఉండదు. సీసా నిండాక ఇంకా నీళ్లు పోస్తే ఎలా దిగవో, గాలి కూడా అంతే. పరీక్ష చాలా సులువు: తలుపు వేసి వెంట్ దగ్గర చెయ్యి పెట్టండి, ఇంకొకరిని తలుపు కొంచెం తీయమనండి. ఒక్కసారిగా గాలి పెరిగితే లోపం తలుపులో ఉంది. తలుపు అడుగున ఒక అంగుళం కోయించినా చాలు. లేదా కింద జాలీ పెట్టించండి. పెద్దవాళ్లకు తలుపు వేసుకుని పడుకోవడమే ఇష్టం, వాళ్ల మర్యాద వాళ్లకు ఉండాలి. తలుపు తీసి పెట్టుకోమని చెప్పడం కంటే జాలీ పెట్టించడమే మంచిది.

ముందు వెంట్లు కొంచెం మూస్తే వెనక్కి ఎక్కువ గాలి పోతుంది. ఇందులో అత్యాశ పనికిరాదు. అన్నీ బిగించేస్తే ఏసీలో గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట, అంటే కాయిల్ మీదుగా గాలి తగ్గి మంచు కడుతుంది, ఆ మంచు ఉన్న గాలిని కూడా ఆపేస్తుంది. మొత్తం వెంట్లలో సగానికి పైగా ఎప్పుడూ తెరిచే ఉంచండి. మంచు కట్టిందనిపిస్తే చల్లదనం ఆపి ఫ్యాన్ మాత్రం నడపండి, కరిగిపోతుంది. ఫిల్టర్ నెలకొకసారి అనుకున్నా, బీచ్ దగ్గర ఆగి వచ్చిన ప్రతిసారీ కడగండి. ఇసుక దుమ్ము మనం అనుకున్నదానికంటే ఎక్కువ చేరుతుంది.

ఇవన్నీ చేశాకా తక్కువనిపిస్తే, అప్పుడే బూస్టర్ ఫ్యాన్. పన్నెండు వోల్టులతో నడిచే చిన్న ఫ్యాన్ గది తలుపు దగ్గర నేల మీద పెట్టి లోపలికి ఊదించినా తేడా తెలుస్తుంది, ఎందుకంటే చల్లగాలి కిందే పరుచుకుంటుంది. ఆ వైరుకు ఫ్యూజ్ తప్పకుండా పెట్టించండి.

బండి ఎటు తిప్పి ఆపాలన్నది కూడా ఇందులో భాగమే. మన తీరంలో సముద్రం తూర్పు, ఆగ్నేయం వైపు, సాయంత్రం ఎండ కొండల వైపు. వెనుక గది సముద్రం వైపు, డ్రైవర్ అద్దం కొండ వైపు ఉండేలా ఆపితే పడుకునే వేళకు వెనుక గోడలు వేడెక్కి ఉండవు. కిటికీలకు మెరిసే షీటు బయటినుంచి కడితే లోపలినుంచి కట్టినదానికంటే బాగా పనిచేస్తుంది. కప్పు కిటికీ ఉంటే దానికి దిండు లాంటి అడ్డు పెట్టండి. ఏసీని సాయంత్రం కాకుండా, బండి వేడెక్కక ముందే, పదకొండు గంటలకే వేయండి.

ఉప్పుగాలి

రుషికొండ, యారాడ, భీమిలి, ఎక్కడ ఆపినా కప్పు మీద, ఏసీ వేడిని బయటికి వదిలే ఇంకో కాయిల్ రెక్కల్లో ఉప్పు చేరుతుంది. తిరిగొచ్చాక కరెంటు తీసేసి మామూలు పైపు ధారతో కడగండి. ప్రెషర్ వాషర్ కొడితే పలచటి రెక్కలు వంగి గాలి ఆడదు. బీచ్ పక్క బోరునీళ్లు చాలాచోట్ల ఉప్పగానే ఉంటాయి కాబట్టి కుళాయి నీళ్లే వాడండి. తడి కప్పు మీద మాత్రం ఎక్కకండి. నిచ్చెన మీద నిలబడే పని చేసుకోండి, కింద ఒకరు పట్టుకోవాలి.

ప్రాణం మీదికొచ్చేవి

గాలి పోకుండా సందులు మూసే ఉత్సాహంలో మూయకూడనివి కొన్నుంటాయి. వంటగట్టు కింద, సిలిండర్ అర దగ్గర నేలకు ఆనుకుని ఉండే రంధ్రాలు గ్యాస్ బయటికి పోవడానికే పెట్టినవి. వంటగ్యాస్ గాలికంటే బరువు, లీకయితే కిందికి దిగి ఆ దారినే బయటికి పోవాలి. వాటికి టేపు వేయకండి.

జనరేటర్ గురించి ఎంత చెప్పినా తక్కువే. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో ఆగి ఉన్న కారవాన్‌లో ఇద్దరు చనిపోయారు. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని తేలింది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాళ్లకు అసలు తెలియదు. జనరేటర్‌గానీ ఇంజిన్‌గానీ నడుస్తుండగా ఏసీ వేసుకుని పడుకోవద్దు. పొగగొట్టం వెనుక గది కిందే ఉంటే ఇంకా ప్రమాదం. నేలలో వైర్లు, పైపులు దిగే చోట్ల సందుల్ని మాత్రం తప్పకుండా మూయించండి. వెనుక గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి, బ్యాటరీ ప్రయాణానికి ముందు మార్చండి. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం ఒకరికి మించి అనిపిస్తే అది తిన్న తిండి వల్ల అనుకుని కూర్చోకండి. అందరూ కిందికి దిగి 108కి ఫోన్ చేయండి.

రాత్రి ఏసీ కావాలంటే కరెంటు దొరికే చోట ఆగండి. వైరు కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్లది, ఎర్తింగ్ ఉన్నది, చుట్టగా కాకుండా పూర్తిగా విప్పి వేసుకోవాలి. చుట్టలో వేడి పుట్టి కాలిపోతుంది. బండిలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకయితే వెంటనే ఆపేసే స్విచ్ పెట్టించండి. సాయంత్రం వోల్టేజి 200 కంటే దిగితే కంప్రెసర్‌ని ఆపి ఫ్యాన్ మాత్రం నడపండి.

అన్నీ అయ్యాక అరకు ఘాటు ఎక్కే ముందు ఒక రాత్రి ఇంటి దగ్గరే బండిలో పడుకుని చూడండి. వెనుక గదిలో మీరే పడుకోండి, తలుపు వేసుకుని. రాత్రి రెండు గంటలకు లేచి థర్మామీటర్ చూడండి, దిండు మీద చెయ్యి పెట్టి చూడండి. మేము మార్చి రెండో శనివారం అలా పడుకున్నాం. దిండు పొడిగా ఉంది. మర్నాడే అమ్మానాన్నల పక్క వెనుక గదిలో వేశాం.