కార్తీక మాసంలో ఘాట్ ఎక్కే ముందు, పాత క్యాంపర్ బండికి షాకులు మార్చేవాళ్ల కోసం

వినాయక చవితి వెళ్లిందంటే చాలు, మా విశాఖలో బండి ఉన్న ఇళ్లలో అరకు మాట మొదలవుతుంది. కార్తీక వనభోజనాలు, ఆ తర్వాత వలిసె పూలు, వంజంగి మేఘాలు, లంబసింగి చలి. పాత టెంపో ట్రావెలర్ కొని లోపల మంచాలు, సింకు, పొయ్యి గట్టు, నీళ్ల ట్యాంకు పెట్టించి చిన్న ఇల్లులా చేసుకున్నవాళ్లు ఇప్పుడు చాలామంది కనిపిస్తున్నారు. నాదీ అలాంటి బండే. వాళ్లలో ఎవరైనా ఈ సీజన్‌కి ముందు షాక్ అబ్జార్బర్లు మార్చాలనుకుంటుంటే దయచేసి ఏ కంపెనీది కొనాలి అన్న ప్రశ్న పక్కన పెట్టి ముందు బండిని తూకం వేయించండి. కింద రాసిందంతా దాని చుట్టూ తిరిగేదే.

ఘాట్ గురించి ఎందుకింత భయపెడుతున్నానంటే, ఎస్.కోట దాటి కాశీపట్నం నుంచి టైడా, అనంతగిరి, గాలికొండ వరకు దారి పైకి వెళ్తున్నకొద్దీ మలుపు మీద మలుపు వస్తుంది. వానాకాలం ముగిసేసరికి ఆ మలుపుల్లో ఎక్కడో ఒకచోట తారు లేచిపోయి ఉంటుంది. మలుపు తిప్పుతూ, బ్రేకు మీద కాలు ఉంచి, గతుకుల మీదుగా దిగాల్సిన చోటు అది. షాకు చచ్చిపోయిన బండికి అక్కడ టైరు రోడ్డుని పట్టుకుని ఉండదు, చిన్నచిన్నగా ఎగురుతుంది. ఎగిరిన టైరుకి బ్రేకూ పనిచెయ్యదు, స్టీరింగూ పనిచెయ్యదు. పైగా మన బండ్లు ఎత్తు, నెత్తిన ఏసీ ఒకటి, కొందరికి క్యారియర్ కూడా. ఊగడం మొదలైతే ఆగడానికి టైమ్ పడుతుంది.

రెండేళ్ల క్రితం నా బండి వెనక వైపు కుంగినట్టు ఉండేది, స్పీడ్ బ్రేకర్ దాటాక రెండు మూడు సార్లు ఊగేది. షాకులు పోయాయనుకుని ఒక దుకాణంలో అడిగితే 'బండి బరువు కదా, అన్నిటికంటే గట్టివి వెయ్యండి' అని ఇచ్చారు. వేయించి అరకు బయల్దేరాం. టైడా దాటాక గతుకుల మలుపులో వెనక భాగం పక్కకి జరిగినట్టు అనిపించింది, ఒకసారి కాదు, మూడు సార్లు. అల్మారా తలుపులు తెరుచుకుని గిన్నెలన్నీ కింద పడ్డాయి. వెనక సీట్లో మా అమ్మ కూర్చుని ఉంది. ఆ రోజు అక్కడి నుంచి పైకి ఎంత మెల్లగా వెళ్లానో నాకే తెలుసు.

తిరిగొచ్చాక ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే ఆయన టార్చిలైటు పట్టుకుని కిందకి దూరి, బయటికొచ్చి చెప్పిన మాట: "బాబూ, షాకు బరువు మొయ్యదు. బరువు మోసేది కమాను. షాకు ఊగుడు ఆపుతాది, అంతే. నీ కమానులో రెండో పట్టీ విరిగిపోయుంది, నువ్వేమో షాకులు మార్చావు."

ఈ తేడా తెలియక చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. కమాను అంటే ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన స్ప్రింగు, లీఫ్ స్ప్రింగు అంటారు కదా, అదే. షాకు లోపల ఉండేది నూనె, ఆ నూనెలో ఒక పిస్టన్. చక్రం పైకీ కిందకీ కదిలినప్పుడు పిస్టన్‌లోని సన్నటి దారుల గుండా నూనె బలవంతంగా వెళ్లాలి. ఆ శ్రమలో ఊగుడు శక్తి వేడిగా మారిపోతుంది. బండి కుంగడం, ఒక పక్కకి ఒరగడం, వెనక బంపర్ రోడ్డుకి దగ్గరవడం ఇవన్నీ కమాను కట్టల జబ్బులు, ఎంత ఖరీదైన షాకు వేసినా పోవు. షాకు జబ్బులు వేరు: గతుకు దాటాక ఊగుతూనే ఉండటం, బ్రేకు వేస్తే ముక్కు బాగా దిగిపోవడం, హైవే మీద పక్కనుంచి బస్సు దూసుకెళ్తే బండి అటూ ఇటూ తూలి వెంటనే కుదురుకోకపోవడం, టైరు మీద చేత్తో రాస్తే అక్కడక్కడా గుంటలు గుంటలుగా అరిగినట్టు తగలడం. టైర్ల గాలి, చక్రం బేరింగు, స్టీరింగు లూజు కూడా ఇలాంటి లక్షణాలే చూపిస్తాయి, అవి ముందు చూపించుకోండి.

ఇక తూకం. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఆ బండి మనుషుల్ని మోయడానికి తయారైంది. మనుషులు ఎక్కుతారు, దిగిపోతారు, మన అల్మారాలు దిగవు. ఇన్వర్టర్‌కి పెట్టే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఒక్కటే 50 కిలోలు దాటుతుంది. 100 లీటర్ల నీళ్లంటే 100 కిలోలు, ట్యాంకు బరువు కాకుండానే. వంట గ్యాస్ పెద్ద బండ నిండుగా ఉంటే దాదాపు 30 కిలోలు. ప్లైవుడ్డు, పరుపులు, ఏసీ, జనరేటరు కలిపి చూడండి. ఇదంతా ఎక్కువగా వెనక ఇరుసు మీదో, ఇంకా ఘోరంగా ఇరుసుకి వెనకాల వేలాడే భాగం మీదో పడుతుంది. గాజువాక, ఆటోనగర్ వైపు లారీలు తిరిగే దారుల్లో వేబ్రిడ్జిలకి కొదవ లేదు. ట్రిప్పుకి వెళ్లేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే నింపి, నీళ్లు, డీజిల్, మనుషులతో సహా తీసుకెళ్లండి. ముందు చక్రాలు మాత్రమే పళ్లెం మీద ఉంచి ఒక చీటీ, మొత్తం బండి ఎక్కించి ఇంకో చీటీ. మొత్తంలోంచి ముందుది తీసేస్తే వెనకది వస్తుంది.

ఆ అంకెల్ని ఆర్సీలో రాసిన లాడెన్ వెయిట్‌తో, అంటే సామానూ మనుషులతో కలిపి బండి ఉండదగ్గ మొత్తం బరువుతో, ఛాసిస్ ప్లేటు మీద ఇరుసుల లెక్క ఉంటే దాంతో కూడా పోల్చండి. దాటిపోతే ఇక షాకుల గురించి ఆలోచించొద్దు, సామాను తగ్గించండి. బరువైన బ్యాటరీని వెనక తోక నుంచి రెండు ఇరుసుల మధ్యకి జరిపినా తేడా బండి నడపగానే తెలుస్తుంది. నేను అదే చేశాను.

తర్వాత బండి కింద పడుకుని చూడండి, లేదా గుంత ఉన్న షెడ్డుకి తీసుకెళ్లండి. మన ఊళ్లో ఇంకో శత్రువు సముద్రపు గాలి. మన బండ్లు ఏడాదిలో ఎక్కువ రోజులు నిలబడే ఉంటాయి, అందుకే కిలోమీటర్లు తక్కువ తిరిగాయి కదా అని ధీమా పడకూడదు. ఎంవీపీ కాలనీలోనో సాగర్ నగర్‌లోనో నెలల తరబడి నిలబెట్టిన బండికి షాకు లోపలి మెరిసే రాడ్డు మీద తుప్పు చుక్కలు పడతాయి, బండి కదిలినప్పుడు ఆ గరుకు చుక్కలే నూనె బయటికి రాకుండా ఆపే ఆయిల్ సీల్‌ని కోసేస్తాయి. షాకు చివర్లలో బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బుష్షులు ఎండి పగులుతాయి. షాకు ఒంటి మీద దుమ్ము పట్టిన పల్చటి తడి ఉంటే కంగారు పడక్కర్లేదు, నూనె కిందదాకా జారి చుక్కలు పడుతుంటే మాత్రం అది పోయినట్టే. షాకు బిగించే బ్రాకెట్ దగ్గర తుప్పు గీకి చూడండి, పగులు ఉంటే కొత్త షాకు ఆ పగులుని ఇంకా పెద్దది చేస్తుంది, ముందు దాన్ని సరిచేయించాలి.

బంపర్ మీద బలంగా నొక్కి వదిలి ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టే పద్ధతి కార్లకి కొంత పనికొస్తుందేమో గానీ కమాను కట్టల బండికి నమ్మొద్దు, పట్టీల మధ్య రాపిడే ఊగుడు ఆపేసి షాకు బాగుందనిపిస్తుంది. దానికంటే ఇది నయం: గతుకుల రోడ్డు మీద 10-15 కిలోమీటర్లు నడిపి ఆపి, సైలెన్సర్‌కి తగలకుండా జాగ్రత్తగా నాలుగు షాకుల్నీ ముట్టుకోండి. పనిచేస్తున్నది వెచ్చబడుతుంది. మూడు వెచ్చగా ఉండి ఒకటి చల్లగా ఉందంటే ఆ ఒక్కటీ పని మానేసింది. అయినా మార్చేటప్పుడు ఒక ఇరుసుకి రెండూ కలిపే మార్చాలి.

కొనడానికి ముందు కొలతలు. పాత బండికి ఎవరో ఎప్పుడో పట్టీ అదనంగా వేసి ఉంటారు, కమాను మళ్లీ కొట్టించి ఉంటారు, అప్పుడు ఎత్తు మారిపోతుంది. పార్ట్ నంబరు చూసి తెచ్చిన షాకు సరిగ్గానే బోల్టుకి పడుతుంది గానీ పొడవు సరిపోదు. అందుకే కమాను పని ఉంటే అది ముగించి, నిండు బరువుతో సమతలం మీద నిలబెట్టి, పై బోల్టు మధ్య నుంచి కింది బోల్టు మధ్య వరకు టేపుతో కొలవండి. ఆ స్థితిలో కొత్త షాకు రాడ్డు సుమారు సగంలో ఉండాలి. చక్రం పూర్తిగా పైకి వచ్చినప్పుడు రబ్బరు స్టాపర్ ముందు తగలాలి, షాకు అడుగు కాదు. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు బరువంతా షాకు పట్టుకుని వేలాడకూడదు. ఈ రెండిట్లో ఏది తప్పినా ఘాట్‌లో ఒక్క పెద్ద గుంతకి షాకు లోపల విరగొచ్చు, లేదా బ్రాకెట్ ఊడిరావచ్చు. షాకు చివర బోల్టు దూరే కన్ను రంధ్రం సైజు, బుష్షు వెడల్పు, పై చివర కన్ను ఉందా లేక పుల్ల (పిన్) ఉందా అన్నది కూడా రాసుకుని వెళ్లండి, పాతది ఒకటి విప్పి చేత్తో పట్టుకెళ్తే ఇంకా మంచిది.

రకాల విషయానికొస్తే, మామూలు నూనె షాకు పొడవాటి గతుకుల దారిలో వేడెక్కి లోపల నూనె నురగ కడుతుంది, నురగకి పట్టు ఉండదు. అలాంటి దాంట్లోనే తక్కువ ఒత్తిడితో నైట్రోజన్ నింపినవి వస్తాయి, రెండు గొట్టాలవి, నురగ తగ్గుతుంది. ఒకే గొట్టం ఉండి ఎక్కువ ఒత్తిడి గ్యాస్ ఉన్నవి వేడిని ఇంకా బాగా వదిలేస్తాయి గానీ వాటిలో పిస్టన్ బయటి గొట్టానికే రాసుకుంటూ తిరుగుతుంది, రాయి తగిలి సొట్ట పడితే ఇక ఇరుక్కుపోవడమే. ఏజెన్సీ దారుల్లో రాళ్లు ఎగరడం మనకి కొత్త కాదు. నా అభిప్రాయం అడిగితే, మన బండ్లకి రెండు గొట్టాల గ్యాస్ రకంలో హెవీ డ్యూటీది, తూకం చీటీలోని వెనక ఇరుసు బరువుకి తగ్గది చాలు. గాబ్రియేల్ లాంటి మన దేశపు కంపెనీల సరుకు అయితే మళ్లీ కావాల్సినప్పుడు దొరకబుచ్చుకోవడం కూడా తేలిక. బిగింపు తగ్గించి పెంచుకునే రకం దొరికి, స్తోమత ఉంటే సంతోషమే, అప్పుడు మధ్యలో పెట్టి మొదలెట్టండి. అన్నిటికంటే గట్టిది మాత్రం వద్దు. నాకు జరిగింది అదే, మరీ గట్టి షాకు చక్రాన్ని గుంతలోకి దిగనివ్వదు, టైరు గుంత మీదుగా ఎగిరిపోతుంది.

ఇంకోటి ఉంది, దీని గురించి గట్టిగా చెప్పాలి. షాకు చుట్టూ స్ప్రింగు చుట్టి 'కుంగిన బండిని లేపుతుంది' అని అమ్మేవి. తుప్పు పట్టిన పాత ఛాసిస్‌కి అవి వేయించకండి. షాకు బ్రాకెట్ ఊగుడు ఆపడానికి పెట్టింది, బరువు మోయడానికి కాదు. స్ప్రింగు బరువంతా దాని మీద పడితే పగులుతుంది. కుంగుడుకి మందు కమాను దగ్గరే ఉంది.

దుకాణంలో డబ్బా తెరిపించి చూడండి. రాడ్డు మీద గీత కూడా ఉండకూడదు. నిలువుగా పట్టుకుని నాలుగైదు సార్లు పూర్తిగా నొక్కి లాగండి, రెండు గొట్టాల రకానికి బిగించే ముందు ఇది ఎలాగూ చెయ్యాలి, పడుకోబెట్టి ఉంచినప్పుడు లోపల చేరిన గాలి పోతుంది. మధ్యలో ఎక్కడైనా ఖాళీగా జారిపోతే వెనక్కి ఇచ్చెయ్యండి. మామూలుగా నొక్కేటప్పటికంటే లాగేటప్పుడు బరువు ఎక్కువ ఉంటుంది, అది లోపం కాదు. పాతవాటికి రంగేసి రీకండిషన్ అని తక్కువకి ఇస్తామంటారు, ఘాట్ ఎక్కే బండికి వద్దు. బిల్లు తీసుకోండి. హెవీ డ్యూటీ రకం వెంటనే దొరక్కపోతే తెప్పించాలి, అక్టోబర్‌లో మనకి తుఫాన్ల భయం కూడా ఉంటుంది, 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబర్ 12నే కదా. అందుకే దసరాకి ముందే ఆర్డర్ పెట్టండి.

సొంతంగా బిగించుకునేవాళ్లు ఒక్క జాకీని నమ్మి బండి కిందకి దూరొద్దు, ఎంత తొందరున్నా సరే. గట్టి నేల మీద, చక్రాలకి చెక్కలు పెట్టి, స్టాండ్లు వేసి. తుప్పు నట్లకి ముందురోజు రాత్రే నూనె కొట్టి ఉంచండి. రాడ్డుని కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుంటే గీత పడుతుంది, ఆ గీత సీల్‌ని తినేస్తుంది. రబ్బరు బుష్షున్న బోల్టుల ఆఖరి బిగింపు చక్రాలు నేల మీద ఉండి బండి బరువు దిగాకే చెయ్యాలి, గాల్లో ఉన్నప్పుడు బిగిస్తే రబ్బరు మెలిపడి కొన్నాళ్లకే చిరుగుతుంది. మెకానిక్ చేస్తున్నా పక్కన నిలబడి ఈ ఒక్కటి అడగండి. విప్పిన పాత గ్యాస్ షాకుల్ని ఎవరూ గ్యాస్ కట్టర్‌తో కొయ్యకుండా చూడండి, లోపల ఒత్తిడి ఉంటుంది, పేలుతుంది.

బిగించిన మర్నాడే అరకు పెట్టుకోకండి. మొదట నిండు బరువుతో భీమిలి దాకా వెళ్లి రండి, తర్వాత ఒకరోజు ఎస్.కోట వరకు. వచ్చాక బోల్టులన్నీ మళ్లీ స్పానర్ పెట్టి చూడండి, నా బండికి వెనక కుడి పక్క కింది నట్టు అర చుట్టు తిరిగింది. ఘాట్ ఎక్కే రోజు నీళ్ల ట్యాంకు సగం ఉంచకండి, సగం నీళ్లు మలుపుల్లో అటూ ఇటూ కొట్టుకుని బండిని ఊపుతాయి. ఖాళీగా ఎక్కి పైన నింపుకోండి. తాగడానికి రెండు క్యాన్లు సీట్ల మధ్య కింద కదలకుండా కట్టేస్తే సరిపోతుంది.